వడ్డించు చేయి, పండించు నేల: కడుపులోని పురుగుల సంగతి



పైరునకు తెగులు సోకినచో మీరు ఆకు తిప్పి చూచి చెప్పగలరు. గొర్రెకు దవడ క్రింద నీరు దిగినచో కార్జములో జలగ చేరినదని పోల్చుకొందురు. మందకు వేళ తప్పక పురుగుల మందు త్రాగింతురు. కాని అదే ఇంటిలో నాట్ల కాలమున ఇరువదిమంది కూలీలకు అన్నము వండి వడ్డించు మనిషి కడుపులో ఏమున్నదో సాధారణముగా ఎవరును విచారింపరు. ఆ మనిషి నడచుచున్నది, పని చేయుచున్నది, జ్వరము లేదు. కావున ఆరోగ్యముగానే ఉన్నదనుకొందుము. ఈ అనుకొనుటలోనే పొరపాటున్నది. కడుపులోని పరాన్నజీవులు చాలమందిని మంచమెక్కింపవు. మోయువారికి తెలియకుండనే వారి నుండి నేలకు, చేతికి, విస్తరికి ప్రాకును.

ఈ పాఠమున చెప్పదలచినది ఒక్కటే. ఈ పురుగులు మనిషి నుండి మనిషికి వచ్చు దారులు రెండే. ఒకటి నేల దారి, రెండవది చేతి దారి. నేల దారిని మూయవలసినవాడు రైతు. చేతి దారిని మూయుటకు వంట చేయువారికి నీరు, సబ్బు, సెలవు ఇయ్యవలసినవాడు వారిచే వంట చేయించుకొనువాడు. మన పల్లెలలో ఈ ఇద్దరును పెక్కుమార్లు ఒక్కరే.

మన మధ్యనున్న పురుగులు

మొదటిది ఏలికపాము. శాస్త్రజ్ఞులు దీనిని ఆస్కారిస్ అందురు. వానపాము వలె నుండి, ఆడది జానెడు పొడవు దాటి పెరుగును. ఒక్క ఆడ పురుగు దినమునకు సుమారు 2 లక్షల గుడ్లు పెట్టును. అవి మలముతో బయటపడును.

రెండవది కొంకిపురుగు. పొడవు ఒక సెంటీమీటరు మాత్రమే. ప్రేగు గోడను కరచి పట్టుకొని రక్తము పీల్చును. దక్షిణ భారతమున ఎక్కువగా కనిపించు నెకేటర్ అను రకము ఒక్కొక్కటి దినమునకు సుమారు 0.03 మిల్లీలీటరు రక్తమును హరించును. ఇది చాల స్వల్పమని తోచవచ్చును. కాని కడుపులో 100 పురుగులున్నచో దినమునకు 3 మిల్లీలీటర్లు, నెలకు 90 మిల్లీలీటర్లు పోవును. తిండి అంతంత మాత్రముగా ఉన్న కూలి స్త్రీకి ఈ నష్టమును పూడ్చుకొనుట కష్టము. మొగము పాలిపోవుట, మెట్టు ఎక్కిన ఆయాసము, నాటు వరుసలో వెనుకబడుట దీని గురుతులు. "సోమరి" అని మనము తిట్టు మనిషి ఒక్కొక్కప్పుడు రక్తము చాలని మనిషి కావచ్చును.

మూడవది అమీబా, నాల్గవది గియార్డియా. ఇవి కంటికి కనబడని సూక్ష్మజీవులు. అమీబా జిగట విరేచనములు కలిగించును, ఒక్కొక్కప్పుడు కార్జమున చీముగడ్డ లేపును. గియార్డియా వలన పలుచని, దుర్వాసన గల విరేచనములు, కడుపుబ్బరము కలుగును. అయిదవది పంది మాంసపు బద్దెపురుగు, దీని పేరు టీనియా సోలియం. దీని సంగతి ముందు చెప్పబడును.

నేల వలన సంక్రమించు పురుగులు ప్రపంచమున సుమారు 150 కోట్లమంది కడుపులలో ఉన్నవని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా. కావున ఇది ఏ ఒక్క ఊరికో, ఏ ఒక్క కులమునకో చెందిన రోగము కాదు. సిగ్గుపడి దాచవలసిన పనియు లేదు.

నేల దారి

ఏలికపాము గుడ్డు మలముతో పడిన దినముననే రోగము తేలేదు. తడిగల నేలలో, నీడలో రెండు నుండి నాలుగు వారములుండి, లోపల పిల్ల తయారైన పిదపనే అది మనుష్యునకు అంటును. విత్తనము మొలకెత్తుటకు పదును కావలసినట్లే దీనికిని పదును కావలెను. ఒకసారి తయారైన గుడ్డునకు పెంకు మందము, జిగురు హెచ్చు. అనుకూలమైన నేలలో అది సంవత్సరముల తరబడి బ్రతుకును. ఆకుకూర మొదళ్ళకు, ముల్లంగి వేళ్ళకు, మన గోళ్ళ సందులకు అంటుకొని వంటయింటికి వచ్చును.

కొంకిపురుగు పద్ధతి వేరు. దీని గుడ్డు నేలపైననే పగిలి, వారము పది దినములలో సన్నని పిల్ల తయారగును. ఆ పిల్ల నోటి ద్వారమున కాక పాదపు చర్మమును తొలుచుకొని లోనికి పోవును. ఈ సంగతి 1898 ప్రాంతమున కైరో నగరమున ఆర్థర్ లూస్ అను జర్మను శాస్త్రజ్ఞునకు తెలిసినది. పిల్ల పురుగులున్న నీరు ఆయన చేతిపై ఒలికెను. అచ్చట దురద, ఎరుపు కలిగెను. కొంత కాలమునకు ఆయన మలములోనే కొంకిపురుగు గుడ్లు కనబడెను. మండుటెండ, పొడి నేల ఈ పిల్లలను చంపును. చెట్ల నీడ, తడిసిన ఇసుక నేల వానిని కాపాడును. తోటలలో గట్ల చాటున, చెట్ల మొదట బహిర్భూమికి కూర్చుండి, మరునాడు అచ్చటనే వట్టి కాళ్ళతో కలుపు తీయువారికి ఇది సులభముగా సోకును.

ఈ రెంటిని బట్టి తెలియునదేమి? ఏలికపాము గాని, కొంకిపురుగు గాని వంటమనిషి చేతి నుండి తిన్నగా మీ విస్తరిలోనికి దిగదు. అది ముందు నేలకు పోయి, నేలలో ముదిరి, తిరిగి రావలెను. కావున నేలమీద మలము పడకుండ చేసినచో ఈ దారి తెగును.

చేతి దారి

అమీబా, గియార్డియా, పంది బద్దెపురుగు అట్లు కావు. వీని బీజములు మలముతో పడిన క్షణముననే సోకుటకు సిద్ధముగా నుండును. నేలలో ముదురవలసిన పని లేదు. దొడ్డికి పోయి చేయి సరిగా కడుగని మనిషి, ఆ చేతితోనే పెరుగన్నము కలిపినచో అవి విస్తరికి చేరును. అమీబా సోకినవారిలో సుమారు పదింట తొమ్మిదిమందికి ఏ బాధయు ఉండదు. అయినను వారి మలములో ఒక్క దినమున లక్షల కొలది బీజములు పోవుచుండును. ఆరోగ్యముగా కనబడు వంటమనిషిని గూర్చి మనము ఇంతగా చెప్పుటకు కారణమిదే.

పంది బద్దెపురుగు ఎంత విపరీతము చేయగలదో తెలుపు సంఘటన ఒకటి అమెరికా దేశపు న్యూయార్కు నగరమున జరిగినది. అచ్చటి సనాతన యూదులు మతనియమము ప్రకారము పంది మాంసము ముట్టరు. అయినను వారిలో నలుగురికి మూర్ఛలు వచ్చి, మెదడులో పంది బద్దెపురుగు పిల్లల తిత్తులున్నట్లు తేలెను. వైద్యులు విచారింపగా, ఆ ఇండ్లలో పనిచేయుటకు లాటిన్ అమెరికా దేశముల నుండి వచ్చిన పనివారిలో ఒకరి కడుపున ఈ పురుగు కనబడెను. ఆ వృత్తాంతము 1992లో వైద్య పత్రికలో ప్రకటితమైనది. మాంసము తినుటచే కడుపులో బద్దెపురుగు పెరుగును. ఆ పురుగు గల మనిషి మలములోని గుడ్డు నోటిలో పడినచో మెదడులో తిత్తి ఏర్పడును. కావున శాకాహారికి సైతము ఈ వ్యాధి రాగలదు. మన దేశమునను శాకాహారులలో ఇది కనబడుచున్నది.

ఇచ్చట కూరగాయల రైతుకు ఒక మాట. క్యాబేజీ తినినచో అందలి పురుగు మెదడునకు ప్రాకునని జనులు చెప్పుకొందురు. ఇది తప్పు. క్యాబేజీని తినునది రెక్కల పురుగు యొక్క గొంగళి. అది మనుష్యుని కడుపున బ్రతుకదు, మెదడునకు పోదు. కాని ఆ తోటలో మలము పడినను, మురుగునీరు పారినను ఆకుల మడతలలో బద్దెపురుగు గుడ్డు ఉండవచ్చును. తప్పు పంటది కాదు, తోటలోనికి మనము రానిచ్చిన మలినముది.

పొయ్యి దిగిన తరువాత

కుతకుత ఉడికిన అన్నములో, పప్పులో, పులుసులో ఈ పురుగుల గుడ్లు గాని, బీజములు గాని బ్రతుకవు. భయమంతయు పొయ్యి దిగిన తరువాతనే. సాంబారు దించి పైన చల్లు పచ్చి కొత్తిమీర, మజ్జిగలో కలుపు కాచని నీరు, కోసి పెట్టు ఉల్లిపాయ ముక్కలు, ఉడకని పచ్చడి, చేతితో కలుపు పెరుగన్నము, వ్రేళ్ళు ముంచి తీయు త్రాగునీరు ఈ దారికి గుమ్మములు. టిఫిను హోటలు చట్నీకి, పెండ్లి భోజనమునకు, బడిలో మధ్యాహ్న భోజనమునకు, మీ పొలము గట్టున కూలీల సద్దికి ఇదే సూత్రము.

వంట చోట ఈ క్రింది ఏర్పాట్లు చేయుడు.

1. వంట చోటికి పది అడుగుల లోపున కొళాయి బిగించిన డ్రమ్ము గాని, బిందె గాని ఎత్తున పెట్టి సబ్బు ఉంచుడు. నీరు దూరమైనచో ఎంత చెప్పినను చేయి కడుగరు.

2. దొడ్డికి పోయి వచ్చిన పిదప, పిల్లల ముడ్డి కడిగిన పిదప, మట్టిపని చేసిన పిదప, వంటకు, వడ్డనకు ముందు రెండు చేతులను సబ్బుతో ఇరువది అంకెలు లెక్కించునంత సేపు రుద్ది, పారు నీటిలో కడుగవలెను.

3. సబ్బు లేనిచోట పొయ్యి బూడిద వాడవచ్చును. మట్టితో మాత్రము చేయి తోమరాదు. గుడ్లు ముదురు చోటు ఆ మట్టియే గదా!

4. గోళ్ళు వారమునకొకసారి పొట్టిగా తీయవలెను.

5. చల్లారిన పదార్థమును గరిటెతోనే కలుపవలెను, గరిటెతోనే వడ్డింపవలెను. త్రాగునీటికి కాడగల ముంత గాని, కొళాయి గాని ఉండవలెను.

6. క్లోరిన్ కలిపిన నీరు చాల రోగములను ఆపును గాని, సాధారణ మోతాదులో అమీబా బీజమును నమ్మకముగా చంపదు. అనుమానమున్నచో నీరు మరగకాచి చల్లార్చి వాడుడు.

7. పచ్చిగా తిను ఆకులను విడదీసి, ఒక్కొక్కటిగా పారు నీటిలో రుద్ది కడుగవలెను. ఉప్పు నీరు, పొటాషియం పర్మాంగనేటు నీరు పురుగు గుడ్డును చంపునని నమ్మరాదు. గుడ్డును తొలగించునది రుద్దుడే, చంపునది ఉడుకే.

ఆకుకూరల రైతు కర్తవ్యము

పట్టణపు హోటలులో వంటవాడు ఎంత శుభ్రముగా నున్నను, మీరు పంపిన కట్టలోనే గుడ్లున్నచో అతడు వానిని చేతికి పూసికొని తక్కిన పదార్థములకు అంటించును. కావున శుభ్రత మడిలోనే ఆరంభము కావలెను.

హైదరాబాదు దిగువన మూసీ నది వెంబడి నగరపు మురుగు కలిసిన నీటితో వరి, పశుగ్రాసము, ఆకుకూరలు సాగు చేయుట అందరెరిగినదే. అచ్చట జరిగిన పరిశోధనలలో, శుద్ధికాని మురుగునీటితో సేద్యము చేయు కుటుంబములవారికి కొంకిపురుగు బెడద హెచ్చుగా నున్నట్లు కనబడినది. అనగా కొనువానికంటె ముందు నష్టపోవునది పండించువాడే. పచ్చిగా తిను పంటలకు పెట్టు నీటిలో లీటరుకు ఒక గుడ్డునకు మించి ఉండరాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచించినది.

మురుగునీరు తప్ప వేరు దారి లేని రైతు కొన్ని పనులు చేయవచ్చును. నీటిని తిన్నగా మడికి పెట్టక, గుంటలో కదలక నిలువనిచ్చి, అడుగు బురద రేగకుండ పై నీరు వాడుడు. గుడ్లు బరువైనవి కావున చాల వరకు అడుగునకు దిగును. ఎంత ఎక్కువ కాలము నిలిపిన అంత మేలు. ఆ అడుగు మట్టిని కూరగాయల మడికి ఎత్తిపోయరాదు. నీటిని ఆకులపై చిమ్మక మొదళ్ళకు మాత్రము పారించుడు. ఆ నీటితో కొత్తిమీర, పుదీన, ముల్లంగి వంటి పచ్చిగా తిను పంటలు మాని, పశుగ్రాసము గాని, ఉడికించి తిను ధాన్యము గాని వేయుట మేలు. మడిలో దిగునపుడు బూట్లు తొడుగుడు. కోతకు కొన్ని దినములు ముందు నీరు ఆపుట సూక్ష్మక్రిములను తగ్గించును గాని, మొండి గుడ్లు గల ఏలికపామునకు అది చాలదు.

మరియొక అలవాటు మానవలెను. కోసిన కట్టలను సంతకు పోవు త్రోవలో మురికి కాలువలో ముంచి, తాజాగా కనబడునట్లు చేయుదురు. బోరు నీటితో పెంచిన శుభ్రమైన కూర సైతము అచ్చట చెడును.

ఎరువు, మరుగుదొడ్డి

పశువుల పేడలో మనుష్యుల ఏలికపాము గుడ్లు ఉండవు. కావున పేడ ఎరువును చూచి భయపడనక్కరలేదు. కాని పెంటకుప్ప చాటున మనుష్యులు కూర్చుండుట, పసిపిల్లల మలమును చీపురుతో ఎత్తి కుప్పపై వేయుట మన ఊళ్ళలో ఉన్నది. పిల్లల మలము నిరపాయకరమని తలచుట సరి కాదు. ఏలికపాములు పెద్దలకంటె పిల్లలలోనే ఎక్కువ.

కుప్ప సరిగా కాగినచో గుడ్లు చచ్చును. 55 డిగ్రీల వేడి కొన్ని దినములు నిలువవలెను. పరీక్షకు గునపమును కుప్ప నడుమ గుచ్చి, కొంతసేపుంచి తీయుడు. ఆ కొనను చేతితో పట్టలేనంత వేడిగా నున్నచో కుప్ప బాగుగా కాగుచున్నదని తెలియవలెను. అంచులలో వేడి చాలదు. కావున రెండు మూడు మార్లు తిరగవేసి, అంచులలోనిది నడుమకు వచ్చునట్లు చేయుడు.

ఇంటికి రెండు గుంటల మరుగుదొడ్డి శ్రేష్ఠము. ఒక గుంట నిండిన పిదప దానిని మూసి, రెండవ దానికి గొట్టము త్రిప్పవలెను. మూసిన గుంటను ఏడాదిన్నర నుండి రెండేండ్లు కదల్పరాదు. అప్పటికి అందలిది వాసన లేని పొడి మట్టియై పొలమునకు ఎరువుగా పనికి వచ్చును. తొందరపడి ఆరు నెలలకే త్రవ్వినచో సజీవముగానున్న గుడ్లను మీ చేతులతో మీరే పొలమున చల్లినవారగుదురు. గుంట త్రాగునీటి బావికి కనీసము 10 మీటర్ల దూరముననుండుట మంచిది.

ఇంటిలో దొడ్డి ఉన్నంత మాత్రమున చాలదు. ఇంటికి కిలోమీటరు దూరమున పొలముండి, కూలీలు ఉదయము నుండి సాయంకాలము వరకు అచ్చటనే ఉన్నచో వారెక్కడికి పోదురు? బోరు షెడ్డు ప్రక్కన ఒక దొడ్డి, ఒక బిందె నీరు, ఒక సబ్బు బిళ్ళ ఏర్పాటు చేయుట రైతు ధర్మము.

మందు

ఏలికపామునకు, కొంకిపురుగునకు ఆల్బెండజోల్ 400 మిల్లీగ్రాముల మాత్ర ఒకటి సాధారణముగా వాడుదురు. ప్రభుత్వము 2015 నుండి ఫిబ్రవరి 10న జాతీయ నులిపురుగుల నివారణ దినము జరుపుచు, 1 నుండి 19 సంవత్సరముల వయసు వారికి ఈ మాత్రను బడులలో, అంగన్వాడీలలో ఉచితముగా ఇచ్చుచున్నది. ఒకటి నుండి రెండు సంవత్సరముల పసివానికి సగము మాత్ర పొడి చేసి ఇత్తురు. మీ పిల్లలు ఆ దినమున బడి మానకుండ చూడుడు. గర్భిణులు, మూర్ఛ వచ్చువారు వైద్యుని అడుగక వేసికొనరాదు.

పెద్దలు ప్రాథమిక ఆరోగ్య కేంద్రమున మలపరీక్ష చేయించుకొని, వైద్యుడు చెప్పిన మందు వాడవలెను. ఒక్క ఆల్బెండజోల్ మాత్రతో అమీబా పోదు, దానికి మందు వేరు. రక్తము తగ్గినవారికి పురుగుల మందుతోబాటు ఇనుము మాత్రలును కావలెను. మరియు మందు కడుపులోని పురుగును తీయును గాని, పొలములోని గుడ్డును తీయదు. నేల మారనిచో కొన్ని నెలలలో పురుగు తిరిగి చేరును. కలుపు పీకి గింజను మడిలో వదలినట్లగును.

వంటమనిషిని వెళ్ళగొట్టవలదు

ఇది చదివి "మా వంటమనిషిని మాన్పించెదను" అని ఎవరైన అనుకొన్నచో ఈ పాఠము వ్యర్థము. 2006 నాటి ఆహార భద్రత, ప్రమాణముల చట్టము క్రింద 2011లో వచ్చిన నియమముల ప్రకారము, ఆహార వ్యాపారములలో ఆహారము ముట్టు పనివారికి సంవత్సరమునకొకసారి వైద్య పరీక్ష జరుగవలెను. రోగముతో ఉన్నవారిని ఆహారము ముట్టనీయరాదు. మంచి నియమమే. కాని విరేచనములని చెప్పిన దినమున కూలి కోసి ఇంటికి పంపినచో ఏమగును? మరుసారి ఆ మనిషి చెప్పదు. ఇంటిలో పొయ్యి వెలుగవలె గదా! కడుపు పట్టుకొనియే వచ్చి వండును, వడ్డించును. ఒకరి కూలి మిగిల్చుకొనబోయి ఇరువదిమందిని పడక వేయుదుము.

కావున విరేచనములున్న దినమున ఆమెకు కూలి ఇచ్చియే వంట నుండి తప్పించుడు. అవి తగ్గిన పిదపను రెండు దినములు వేరు పని చెప్పుడు. పరీక్షకు పోవు పూట కూలి కోయకుడు. బడిలో వండు మహిళా సంఘము వారికైనను, పెండ్లి వంటల మేస్త్రీ వెంట వచ్చు సహాయకులకైనను, హోటలులో గిన్నెలు తోము కుర్రవానికైనను ఇదే న్యాయము. వారు మన అన్నమును కాపాడవలెనన్నచో మనము వారి అన్నమును కాపాడవలెను.

రాబోవు నాట్లలోపున ఈ నాలుగు పనులు చేయుడు: వంట చోట నీరు, సబ్బు, పొలమున దొడ్డి, ఇంటిల్లిపాదికిని, వంట చేయువారికిని మలపరీక్ష, ఆకుకూర మడికి శుభ్రమైన నీరు. నాట్ల అదనులో నలుగురు కూలీలు విరేచనములతో పడినచో కలుగు నష్టము ముందు ఒక సబ్బు బిళ్ళ ఖర్చు లెక్కకు రాదు. సందేహములున్నచో మీ మండల వ్యవసాయాధికారిని, ఆరోగ్య కార్యకర్తను అడుగుడు. ఈ పాఠమును వంట చేయువారికి కూడ చదివి వినిపింపుడు.